మీన్ 70, పల్స్ 70, గడియారం మీద కన్ను: కొట్టుకునే గుండె మీద బైపాస్ చేసేటప్పుడు కండరాన్ని కాపాడుకోవడం

పంపు (గుండె, ఊపిరితిత్తుల పని చేసే యంత్రం) పెట్టి చేసే బైపాస్‌లో గుండె కండరాన్ని కాపాడే పని చాలావరకు కార్డియోప్లీజియా చూసుకుంటుంది. పొటాషియం కలిసిన ద్రవం వెళ్లగానే గుండె ఆగుతుంది. ఆగిన గుండెకు కావలసిన ఆక్సిజన్ సుమారు పదో వంతుకు పడిపోతుంది, చల్లబరిస్తే ఇంకా తగ్గుతుంది. బీటింగ్ హార్ట్ బైపాస్‌లో ఆ సౌకర్యం లేదు. ఒళ్లంతటికీ రక్తం పంపుతూనే, తన రక్తనాళాన్ని మనం కోసి కుడుతున్నా గుండె ఓర్చుకోవాలి.

నెల్లూరు తీరంలో రొయ్యల చెరువు చూసినవాళ్లకు ఈ సంగతి తొందరగా అర్థమవుతుంది. విడవలూరు వైపు తెల్లవారుజామున మూడింటికి ఒక ఏరేటర్ మొరాయిస్తే చెరువు ఎండగట్టి బాగుచేయరు. మిగతావి తిరుగుతుండగానే దాన్నొక్కదాన్ని ఆపి, బిగించి, మళ్లీ తిప్పుతారు. రొయ్య పైకి తేలేదాకా ఎవరూ చూస్తూ కూర్చోరు, ఆక్సిజన్ మీటర్ చూస్తారు. గుండె విషయంలో రొయ్య తేలడమంటే వీఎఫ్, అంటే జఠరికలు లయ తప్పి వణికిపోవడం. అంతవరకు రానిచ్చామంటే మీటర్ చూడనట్టే.

కార్డియాక్ థియేటర్లో కొత్తగా చేరే సర్జరీ, అనస్థీషియా రెసిడెంట్లకు, పెర్ఫ్యూజనిస్టులకు, స్క్రబ్ నర్సులకు, టెక్నీషియన్లకు పనికొచ్చేలా రాసిన వివరం ఇది. మోతాదులు పెద్దవాళ్లకు మామూలుగా వాడేవి. రోగి బరువు, కిడ్నీ, మీ యూనిట్ పద్ధతిని బట్టి సరిచూసుకోవాలి.

లెక్క ఎక్కడ తప్పుతుంది

మిగతా అవయవాలు రక్తంలోని ఆక్సిజన్‌లో పావు వంతు వాడుకుని మిగతాది వదిలేస్తాయి. గుండె విశ్రాంతిలో ఉన్నప్పుడే 70 శాతానికి పైగా లాగేసుకుంటుంది. ఇంకా కావాలంటే పిండుకోవడానికి రక్తంలో పెద్దగా మిగలదు, రక్తప్రవాహమే పెరగాలి. ఎడమ జఠరికకు రక్తం ఎక్కువగా అందేది డయాస్టోల్‌లో, అంటే గుండె వదులయ్యే దశలో. పల్స్ పెరిగితే ముందు కురచయ్యేది డయాస్టోలే. అంటే 110 పల్స్ ఖర్చును పెంచుతుంది, రాబడినీ కోస్తుంది. రెండువైపులా నష్టమే.

రక్తం పూర్తిగా ఆగిన కండరం నిమిషం తిరక్కుండానే ముడుచుకోవడం మానేస్తుంది. పది నిమిషాలకు దానిలోని ఏటీపీ దాదాపు సగమవుతుంది. 20 నుంచి 40 నిమిషాల మధ్య కోలుకోలేని నష్టం మొదలవుతుంది, అదీ లోపలి పొర నుంచి బయటికి పాకుతూ. ఒక గ్రాఫ్ట్ (అడ్డు దాటించడానికి కొత్త దారిగా వేసే సిర లేదా ధమని) కుట్టడానికి 8 నుంచి 15 నిమిషాలు పడుతుంది. ఆ భాగానికి పక్క నాళాల నుంచి కొంత రక్తం వస్తుంటే ఈ వ్యవధి హాయిగా సరిపోతుంది. రాకపోతే షంట్ కావాలి, అంటే కుట్టేటప్పుడు కూడా రక్తం పారేలా నాళంలో దూర్చే సన్నటి గొట్టం. రెండు సందర్భాల్లోనూ మీన్ ప్రెషర్ (సగటు రక్తపోటు) 50కి పడితే కుట్టేచోటే కాదు, మిగతా ఇరుకు నాళాల కింద ఉన్న కండరమూ ఆకలితో మాడుతుంది. కొట్టుకునే గుండె మీద పెద్ద ప్రమాదం ఎక్కువసార్లు ఇలా కుట్టని చోటే మొదలవుతుంది.

ముందురోజు, పొద్దున మాత్ర

ఉదయగిరి నుంచో కనిగిరి నుంచో వచ్చిన మనిషికి "పరగడుపున ఉండండి" అని చెబితే, మాత్రలన్నీ మానేసి పడుకుంటాడు. దాంట్లో మెటోప్రొలాల్ కూడా పోతుంది. బీటా బ్లాకర్ హఠాత్తుగా ఆగితే పల్స్ ఎగదన్నుతుంది. థియేటర్లో ఎస్మొలాల్‌తో (పల్స్ తగ్గించే ఇంజెక్షన్) కుస్తీ పట్టడం కన్నా ముందురోజు రాత్రి సిస్టర్ గారు విడమరిచి చెప్పడం చవక: "పెద్దాయనా, పొద్దున గుండె మాత్ర, కొలెస్టరాల్ మాత్ర ఒక్క గుటక నీళ్లతో వేసుకోవాలి. షుగర్ మాత్ర మాత్రం వద్దు."

ఆస్పిరిన్ ఆపనక్కర్లేదు. వాయిదా వేయగలిగిన కేసుల్లో క్లోపిడోగ్రెల్ 5 రోజుల ముందు, ప్రసుగ్రెల్ 7 రోజుల ముందు, టికాగ్రెలోర్ 3 నుంచి 5 రోజుల ముందు ఆపుతారు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మందులు కనీసం 3 రోజుల ముందే ఆపాలి. షుగర్ మామూలుగా కనిపిస్తూనే కీటోఅసిడోసిస్ (కీటోన్లు పెరిగి రక్తం ఆమ్లంగా మారడం) రావచ్చు. ఆ అసిడోసిస్‌ను థియేటర్లో గుండె ఫెయిల్యూర్ అనుకుని పొరబడే వీలుంది. రామిప్రిల్, టెల్మిసార్టాన్ వంటి బీపీ మాత్రలు ముందురోజే ఆపితే గుండెను ఎత్తినప్పుడు ప్రెషర్ నిలబెట్టడం కాస్త తేలిక.

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఆ సాయంత్రం యాంజియోగ్రామ్ ముందు కూర్చోవడం. ఎక్కడ ఎంత శాతం అడ్డుందో రాసుకోవడంతో సరిపోదు. ఏ నాళం ఎవరిని పోషిస్తోందో బోర్డు మీద బొమ్మ గీయాలి. ఉదాహరణకు ఆర్‌సీఏ (కుడి కరోనరీ నాళం) పూర్తిగా మూసుకుపోయి, దాని కింది భాగాన్ని ఎల్‌ఏడీ (గుండె ముందు గోడ నాళం) పక్కదారుల్లో పోషిస్తోందనుకోండి. అప్పుడు ఎల్‌ఏడీని ముందు కట్టేస్తే ఒకేసారి రెండు ఊళ్లకు నీళ్లు ఆపినట్టే.

ఈ పద్ధతికి సరిపడని గుండెలు కొన్ని ఉన్నాయి. కండరంలోకి లోతుగా దిగిపోయిన ఎల్‌ఏడీ, 1.25 మిల్లీమీటర్ల కన్నా సన్నగా సున్నం పట్టిన నాళాలు, బాగా ఉబ్బిపోయిన గుండె, మైట్రల్ లీకు గట్టిగా ఉన్నవాళ్లు, ఇంకా నిలకడలేని తాజా ఇన్‌ఫార్క్ట్ (గుండెపోటు). వీళ్లను మొదటినుంచే పంపు మీద చేయడం తెలివైన పని. మహాధమనికి సున్నం పట్టినవాళ్లకు, కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్లకు, చీమకుర్తి క్వారీల్లో ఏళ్ల తరబడి రాతిపొడి పీల్చి ఊపిరితిత్తులు పాడైనవాళ్లకు పంపు లేకుండా చేయడం వైపు మొగ్గు చూపొచ్చు. అది ఒక కారణమే తప్ప హామీ కాదు.

థియేటర్లో కోతకు ముందు

రోహిణి కార్తెలో బయట రోడ్డు కాలిపోతుంటే, లోపల ఏసీ 18లో పెట్టి అందరూ హాయిగా ఉంటారు, బల్ల మీద మనిషి తప్ప. పంపు కేసులో అయితే హీట్ ఎక్స్‌ఛేంజర్‌తో వేడి చేయొచ్చు. ఇక్కడ పోయిన వేడి పోయినట్టే. రోగి ఉష్ణోగ్రత 36 డిగ్రీల కింద పడకూడదు. 35 దాటి దిగితే రిథమ్ చెడుతుంది, నెత్తురు గడ్డకట్టదు, మెలకువ వచ్చేటప్పుడు వణుకు పుట్టి ఆక్సిజన్ ఖర్చు బాగా పెరుగుతుంది. కప్పేవరకు, కాలి సిర తీసేవరకు గది 24 దగ్గర ఉంచాలి. కింద వేడి పరుపు, సెలైన్లకు వార్మర్, పెరికార్డియంలో పోసే సెలైన్ కూడా గోరువెచ్చగా ఉండాలి. చల్లటి సెలైన్ నేరుగా గుండె మీద పోస్తే ఎక్టోపిక్స్ (లయ తప్పిన అదనపు స్పందనలు) వస్తాయి. చిన్న విషయమే, తరచుగా జరిగేదే.

రేడియల్ ఆర్టీరియల్ లైన్‌తో పాటు ఫెమోరల్‌లో ఒక సన్నటి ఆర్టీరియల్ లైన్ ముందే పెట్టుకోవాలని మా గట్టి అభిప్రాయం. గుండె కుదేలైనప్పుడు తొడలో నాడి వెతుక్కుంటూ కూర్చోనక్కర్లేదు, గైడ్‌వైర్ వేసి బెలూన్ పంపు (మహాధమనిలో ఉబ్బి తగ్గుతూ గుండెకు సాయపడే బెలూన్) ఎక్కించొచ్చు. డీఫిబ్రిలేటర్ ప్యాడ్లు డ్రేపింగ్‌కు ముందే ఒంటికి అంటించాలి. లోపలి ప్యాడిల్స్ టేబుల్ మీద ఉండాలి, మొదటి షాక్ 10 నుంచి 20 జౌల్స్. పేసింగ్ వైర్లు, పనిచేసే బ్యాటరీ ఉన్న పేసింగ్ బాక్సు కూడా.

పొటాషియం 4.5 నుంచి 5 మధ్య. మెగ్నీషియం సల్ఫేట్ 2 గ్రాములు 20 నిమిషాల్లో మెల్లగా. కిడ్నీ చెడినవాళ్లకు తగ్గించాలి. హెపారిన్ కిలోకు 150 నుంచి 200 యూనిట్లు, అంటే 1.5 నుంచి 2 మిల్లీగ్రాములు. ఏసీటీ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం) 300 సెకన్లు దాటాలి, ప్రతి అరగంటకూ మళ్లీ చూడాలి. పంపు మీదికి మార్చాల్సి వస్తే మొత్తం కిలోకు 300 నుంచి 400 యూనిట్లు కావాలి, ఏసీటీ 480 దాటాలి. ఆ మిగతా హెపారిన్‌ను సిరంజిలో లాగి, లేబుల్ వేసి పక్కన పెట్టాలి. గందరగోళంలో ఎవరూ మైనస్ లెక్కలు వేయరు.

మత్తు వాయువులు ఐసోఫ్లూరేన్ లేదా సెవోఫ్లూరేన్ అర మ్యాక్ నుంచి ఒక మ్యాక్ వరకు (మ్యాక్ అంటే మత్తు వాయువు మోతాదు కొలత) వాడితే కండరం కొంత ఇస్కీమియాను (రక్తం చాలకపోవడాన్ని) తట్టుకునేలా తయారవుతుంది. ఇస్కీమిక్ ప్రీకండిషనింగ్‌ను 1986లో మర్రీ, జెన్నింగ్స్, రైమర్ కుక్కల మీద చూపించారు: 5 నిమిషాలు మూసి, 5 నిమిషాలు వదిలి, అలా నాలుగుసార్లు చేస్తే తర్వాత వచ్చే ఇన్‌ఫార్క్ట్ చిన్నదైంది. దాన్ని మనిషి మీద అలాగే చేయనక్కర్లేదు. షంట్లు చేతిలో ఉన్నప్పుడు కావాలని ఐదేసి నిమిషాలు మూసి ఉంచడం వృథా ప్రయాస. రెండు నిమిషాల పరీక్ష మూత మాత్రం పనికొస్తుంది, ముఖ్యంగా ఆర్‌సీఏ దగ్గర.

ఏది ముందు, ఏది తర్వాత

సాధారణంగా లైమాను (ఛాతీ లోపలి ఎడమ ధమని) ఎల్‌ఏడీకి ముందు కుడతారు. 1964లో లెనిన్‌గ్రాడ్‌లో సర్జన్ వాసిలీ కొలెసోవ్ పంపు లేకుండా బైపాస్ కుట్టినదీ లైమాతోనే. కారణం తేలిక. ఎల్‌ఏడీ కుట్టడానికి గుండెను పెద్దగా కదపనక్కర్లేదు. ఎడమవైపు కింద ఒకటి రెండు తడి మాప్‌లు పెడితే చాలు. కుట్టి బుల్‌డాగ్ క్లాంప్ తీయగానే ముందు గోడకు, సెప్టమ్‌కు కొత్త రక్తం అందుతుంది. ఆ బలంతోనే తర్వాత గుండెను పక్కకు తిప్పే కష్టాన్ని ఓర్చుకుంటుంది.

కానీ బోర్డు మీద బొమ్మ వేరేలా చెబితే బొమ్మనే నమ్మాలి. పూర్తిగా మూసుకుపోయి పక్క నాళం మీద బతుకుతున్న నాళాన్ని ముందు కుట్టాలి. దాన్ని తెరిచినా కొత్తగా పోయే రక్తం లేదు. దానికి సొంత గ్రాఫ్ట్ అందాక, ఇన్నాళ్లూ దాన్ని పోషించిన నాళాన్ని ముట్టుకోవచ్చు. లెఫ్ట్ మెయిన్‌లో (ఎడమవైపు మొదటి పెద్ద కరోనరీ నాళం) గట్టి అడ్డున్న మనిషికైతే సిరల పైకొసను మహాధమనికి ముందే కుట్టేయడం నయం. ప్రతి కింది కుట్టూ పూర్తికాగానే రక్తం అందుకుంటుంది. అందరికీ ఇలా చేయకపోవడానికీ కారణం ఉంది. గుండె నిండుగా ఉన్నప్పుడు సిర పొడుగు కొలవడం కష్టం. కురచైతే లాగుతుంది, పొడవైతే మడత పడుతుంది.

ఎత్తడం, ఆగడం, దించడం

లోతైన పెరికార్డియల్ కుట్టు (గుండె సంచి వెనక గోడకు వేసేది) ఐవీసీకి (కింది మహాసిర), ఎడమ కింది పల్మనరీ వెయిన్‌కు మధ్య, వెయిన్‌కు దగ్గరగా పడాలి. వెనక అన్నవాహిక, డిసెండింగ్ అయోర్టా ఉంటాయి కాబట్టి సూది పైపొరలోనే నడవాలి. అనస్థీషియా వారిని అడిగి, ఊపిరితిత్తి దించిన క్షణంలో కుట్టు వేయాలి. కుట్టు లాగినప్పుడు గుండె కొన పైకి లేస్తుంది. కొన దగ్గర పట్టే సక్షన్ కప్పు వాడేవాళ్లు ఇంకా తేలిగ్గా తిప్పుతారు. కుట్టేచోటు కదలకుండా పట్టే స్టెబిలైజర్ సక్షన్ మైనస్ 250 నుంచి 400 ఎంఎం హెచ్‌జీ మధ్య చాలు. పాదాలు నాళానికి అటూ ఇటూ ఆనాలి తప్ప నొక్కకూడదు. నొక్కితే ఆ భాగం నిండదు, స్ట్రోక్ వాల్యూమ్ తగ్గుతుంది.

పక్కగోడకు, అంటే ఓఎం నాళాలకు వెళ్లేటప్పుడు గుండె కుడివైపు దొర్లుతుంది. పల్చటి కుడి జఠరిక పెరికార్డియానికీ స్టెర్నమ్‌కూ (రొమ్ము ఎముక) మధ్య చితుకుతుంది. ప్రెషర్ పడేది ఎక్కువగా అందుకే, ఎడమ జఠరిక చేతగాక కాదు. మందు కూడా అక్కడే ఉంది. కుడి ప్లూరా తెరిచి, కుడివైపు పెరికార్డియాన్ని డయాఫ్రమ్ దాకా విడదీసి, కుడివైపు స్టే కుట్లు వదులుచేస్తే గుండె కుడి ఛాతీలోకి జారి కూర్చుంటుంది. రిట్రాక్టర్ కుడి అంచును కాస్త ఎత్తాలి. బల్ల తల వైపు 15 నుంచి 20 డిగ్రీలు దించి, కుడివైపు వాల్చాలి. కాళ్లలోని రక్తం గుండెకు చేరుతుంది. ఇది అరలీటరు సెలైన్ కన్నా మంచిది, పని అయ్యాక తిరిగి తీసేసుకోవచ్చు కూడా. సెలైన్ ఇవ్వాల్సి వస్తే 250 మిల్లీలీటర్ల చొప్పునే. గుండె తిరిగి ఉన్నప్పుడు సీవీపీ (పెద్ద సిరలోని ఒత్తిడి) 18 చూపిస్తే రక్తం నిండిందని కాదు, కుడి జఠరిక నలిగిందని అర్థం.

ఎత్తాక వెంటనే కోయొద్దు. రెండు మూడు నిమిషాలు ఆగాలి. ఆ సమయంలో ఈసీజీని కొత్తగా చూసుకోవాలి. గుండె తిరగ్గానే కాంప్లెక్స్‌లు కురచవుతాయి, ఎస్టీ గీత (కండరానికి రక్తం చాలకపోతే జరిగే ఈసీజీ భాగం) మారుతుంది. పాత గీతతో పోల్చితే తప్పుదారి పడతాం. ఆ భంగిమలో వచ్చినదాన్నే కొత్త ఆధారంగా పెట్టుకుని, అక్కడినుంచి మారేదాన్ని పట్టించుకోవాలి. టీఈఈ (అన్నవాహికలోంచి చేసే ఎకో) ఉంటే కడుపులోంచి కనిపించే బొమ్మ ఎగిరిపోతుంది, అన్నవాహిక మధ్యనుంచే చూడాలి. మైట్రల్ రింగు వంకరై కొత్తగా లీకు కనిపించవచ్చు. పల్మనరీ ప్రెషర్ ఎగబాకితే అదొక సూచన.

సర్జన్, అనస్థీషియా డాక్టర్ ఉదయమే ఒక ఒప్పందం చేసుకోవాలి. మీన్ 70 పైన, లెఫ్ట్ మెయిన్ ఉంటే 75 నుంచి 80. పల్స్ 60 నుంచి 80. ఎత్తాక మీన్ 60కి దిగితే నోటితో చెప్పాలి. మందుతో, బల్ల వాలుతో మూడు నిమిషాల్లో 65 దాటకపోతే గుండెను కింద పెట్టాలి. 50 దగ్గరైతే అడగడాల్లేవు, వెంటనే దించడమే.

"సార్, మీన్ 58."
"నోరాడ్ పెంచారా?"
"పెంచాను, ఇంకా దిగుతోంది. దించండి."

ఇంతే మాట. దించమని చెప్పే హక్కు తల దగ్గర నిలబడ్డ మనిషిదని ముందే ఒప్పుకుంటే, చెప్పేవాళ్లకు మొహమాటం ఉండదు. దించగానే సాధారణంగా ఒకటి రెండు నిమిషాల్లో ప్రెషర్ తిరిగొస్తుంది. ఐదు నిమిషాలు ఊపిరి తీసుకోనిచ్చి, వేరే కోణంలో మళ్లీ ఎత్తాలి. ఈ యవ్వారంలో అన్నిటికన్నా బాగా పనిచేసే మందు ఇదే. సిరంజిలో దొరకదు కాబట్టి చిన్నచూపు చూస్తారు.

సిరంజిలో దొరికేవాటిలో ముందు నిలిచేది ప్రెషర్ పెంచే నోరాడ్రినలిన్ (నోరాడ్), కిలోకు నిమిషానికి 0.02 నుంచి 0.1 మైక్రోగ్రాములు. ఫినైలెఫ్రిన్ 50 నుంచి 100 మైక్రోగ్రాములు అప్పటికప్పుడు ఇవ్వొచ్చు. అడ్రినలిన్ అందరి చేతికీ ముందు తగులుతుంది కానీ పల్స్‌ను, ఆక్సిజన్ ఖర్చును, ఎక్టోపిక్స్‌ను కలిపి పెంచుతుంది. కుట్టు మధ్యలో అది చివరి దారి. పల్స్ 90 దాటితే ముందు మత్తు, నొప్పి, రక్తం చాలిందా అన్నవి చూడాలి. అవి సరిగానే ఉంటే ఎస్మొలాల్ 10 నుంచి 30 మిల్లీగ్రాములు విడతలుగా ఇవ్వొచ్చు. ప్రెషర్ పడి ఉన్నప్పుడు ఎస్మొలాల్ ఇవ్వకూడదు. నైట్రోగ్లిసరిన్ చాలామంది అలవాటుగా పెట్టేస్తారు. గుండెను ఎత్తేముందు దాన్ని తగ్గించడమో ఆపడమో చేయాలి. సిరలు వదులైతే అసలే చాలని రక్తం ఇంకా వెనక్కి పోతుంది.

షంట్ పని

పై వైపు మాత్రమే సైలాస్టిక్ టేపో, ప్లెడ్జెట్ ఉన్న కుట్టో వేసి బిగించాలి. కింది వైపు బిగించకపోవడమే మంచిది, నాళం లోపొర చెడి కొన్నాళ్లకు అక్కడే ఇరుకు రావచ్చు. సున్నపు గడ్డ మీద అస్సలు బిగించొద్దు, పలక విరుగుతుంది.

షంట్లు 1 మిల్లీమీటరు నుంచి 3 దాకా వస్తాయి. మన రోగుల్లో, ముఖ్యంగా షుగర్ పాతబడినవాళ్లలో, 1.25, 1.5, 1.75 ఎక్కువగా పనిపడతాయి. మూడూ టేబుల్ మీద హెపారిన్ సెలైన్‌లో తడిపి ఉండాలి. నాళాన్ని 5 నుంచి 7 మిల్లీమీటర్లు తెరిచి, షంట్‌ను మధ్యలో పట్టుకుని పై కొసను ముందు దూర్చి, టేపు క్షణం వదిలితే రక్తం షంట్‌లోంచి చిమ్మి గాలిని తోసేస్తుంది. అప్పుడు కింది కొస దూర్చాలి. బలవంతంగా దూర్చే షంట్ లోపొరను గీరేస్తుంది. వదులుగా ఉన్నది పక్కలనుంచి కారుతుంది, కుట్టే చోటు కనిపించదు. సరిపోయిన షంట్ కొంచెం కదులుతుంది, కారదు.

షంట్ ఉందని నింపాదిగా ఉండకూడదు. లోపలి రంధ్రం సన్నం. గొట్టం వ్యాసం సగమైతే ప్రవాహం పదహారో వంతు అవుతుంది. మీన్ 50లో షంట్ ఉన్నా పెద్దగా లాభం లేదు. ప్రెషరే దాన్ని నడిపేది.

బ్లోయర్‌లో కార్బన్ డయాక్సైడ్, వెచ్చటి సెలైన్ తుంపర కలిసి రావాలి. నిమిషానికి 3 లీటర్లతో మొదలుపెట్టాలి, 5 దాటించొద్దు. సూది దించే క్షణంలోనే ఊదాలి. పొడి గాలి నిరంతరం ఊదితే లోపొర ఎండుతుంది, పలక లేస్తుంది. నాళంలోకి సూటిగా ఊదితే బుడగ కిందికి పోయి క్షణాల్లో ఎస్టీ లేస్తుంది. అలా అయితే బ్లోయర్ ఆపి, ప్రెషర్ పెంచి బుడగను దాటించాలి.

7-0 లేదా 8-0 ప్రోలిన్ కుట్లు పూర్తయి చివరి రెండు మూడు వదులుగా ఉండగా, తోక పట్టుకుని షంట్ లాగేయాలి. అప్పుడు స్క్రబ్ నర్సు గట్టిగా "షంట్ బయటికొచ్చింది" అనాలి. మాప్‌ల లెక్కలాగే షంట్‌కూ లెక్క ఉండాలి. పై టేపు వదిలి రక్తంతో గాలి కడిగి, ముడి వేయాలి.

టైమ్ చెప్పే పని టెక్నీషియన్‌ది. నాళం మూసినప్పటినుంచి "అయిదు", "పది" అని పలకాలి. కుట్టే మనిషికి పదిహేను నిమిషాలు ఆరులా అనిపిస్తాయి.

ఆర్‌సీఏ వేరే జాతి

పూర్తిగా మూసుకుపోయిన ఆర్‌సీఏ బుద్ధిమంతుడు. అరకొరగా, 60 నుంచి 70 శాతం అడ్డున్న ఆర్‌సీఏ గండం. దానికి పక్కదారులు పెరగలేదు, కుడి జఠరిక అంతా దాని మీదే ఆధారపడింది. పది మందిలో సుమారు ఎనిమిది తొమ్మిది మందికి ఏవీ నోడ్ రక్తం కూడా దాని కొసలోంచే వస్తుంది. విభజన కన్నా పైన బిగిస్తే రెండు మూడు నిమిషాల్లో పల్స్ 40కి పడి బ్లాక్ వస్తుంది. వీలైతే పీడీఏ (ఆర్‌సీఏ చివరి కొమ్మ) మీదే కుట్టాలి. ఆర్‌సీఏ మీదే కుట్టక తప్పనప్పుడు పేసింగ్ వైర్లు ముందే కట్టి, బాక్సు ఆన్‌లో పెట్టి, రెండు నిమిషాలు పరీక్షగా మూసి చూసి, పెద్ద షంట్ వేసుకోవాలి. పల్స్ పడ్డాక అట్రోపిన్ వెతకడం కన్నా బిగింపు వదలడం త్వరగా పనిచేస్తుంది.

పంపు మీదికి ఎప్పుడు

నెమ్మదిగా, తెలిసి మార్చుకుంటే నష్టం తక్కువ. కుప్పకూలాక, గుండెను చేత్తో పిండుతూ మార్చితే ప్రాణనష్టం ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకే పరువు లెక్క ఇక్కడ పనికిరాదు. దించినా, మందులిచ్చినా మీన్ 50 దగ్గరే ఐదు నిమిషాలు ఉండటం, మిక్స్‌డ్ వీనస్ ఆక్సిజన్ (ఒళ్లంతా తిరిగొచ్చిన రక్తంలో మిగిలినది) 60 శాతం కింద నిలిచిపోవడం, ఎస్టీ 2 మిల్లీమీటర్లకు మించి లేవడం, టీఈఈలో కొత్తగా ఒక గోడ కదలకపోవడం, వీటీ (జఠరికలు అతివేగంగా కొట్టుకోవడం) మళ్లీ మళ్లీ రావడం: వీటిలో ఏది వచ్చినా మిగతా హెపారిన్ ఇచ్చేయాలి, కాన్యులా కుట్లు వేయాలి.

ఖర్చు మిగుల్చుకోవడానికి సర్క్యూట్‌ను ప్యాకెట్ విప్పకుండా పెట్టుకోవడం చాలాచోట్ల మామూలే. ఆర్థికంగా సబబే, కానీ ప్రైమ్ చేయడానికి పది పదిహేను నిమిషాలు పడుతుంది. లెఫ్ట్ మెయిన్, ఎజెక్షన్ ఫ్రాక్షన్ (ప్రతి స్పందనకూ గుండె బయటికి పంపే రక్తం వాటా) 30 శాతం లోపు, తాజా ఇన్‌ఫార్క్ట్ ఉన్నవాళ్లకు సర్క్యూట్ అమర్చి ఉంచాలి, పెర్ఫ్యూజనిస్టు గదిలోనే ఉండాలి. కరెంటు పోయాక జనరేటర్‌కు డీజిల్ తెచ్చే చెరువు యజమాని ఉండడు కదా. ఇలాంటి కేసుల్లో ముందే బెలూన్ పంపు ఎక్కించి మొదలుపెట్టడమూ మంచి ఎత్తుగడే. అయోర్టిక్ వాల్వ్ గట్టిగా లీకైతే, కాళ్ల నాళాలు బాగా చెడితే మాత్రం పెట్టకూడదు. పంపు మీదికి వెళ్లినా గుండెను తప్పక ఆపాలనేమీ లేదు. ఖాళీగా కొట్టుకోనిస్తూ మిగతా గ్రాఫ్ట్‌లు కుట్టొచ్చు.

పైకొసలు, కొలత, ఐసీయూ

మహాధమనికి పక్క క్లాంప్ పెట్టేముందు సిస్టాలిక్ 90 నుంచి 100కి దించాలి, తీసేటప్పుడూ అంతే. ఇక్కడ మాత్రం తక్కువ ప్రెషర్ అవసరం, కాబట్టి ఆ నిమిషాలు లెక్కపెట్టుకోవాలి. కింది గ్రాఫ్ట్‌లు ఇంకా పైకొస లేకుండా ఉంటే ఆ కండరం పాత ఇరుకు నాళం మీదే ఉంది.

ప్రతి గ్రాఫ్ట్‌నూ ట్రాన్సిట్ టైమ్ ఫ్లో మీటర్‌తో కొలవాలి, మీన్ 80 దగ్గర ఉన్నప్పుడు. నిమిషానికి 20 మిల్లీలీటర్లు దాటి, పల్సటిలిటీ ఇండెక్స్ (ప్రవాహంలో ఎగుడుదిగుడుల కొలత) 3 లోపు ఉంటే, ఎడమవైపు గ్రాఫ్ట్‌ల్లో సగానికి పైగా ప్రవాహం డయాస్టోల్‌లో ఉంటే సంతోషం. ఇండెక్స్ 5 దాటితే సిర మెలిపడిందా, లైమా ఊపిరితిత్తి కింద లాగుతోందా చూసి, అదేమీ కాకపోతే కుట్టు విప్పి మళ్లీ వేయాలి. విసుగే. రాత్రి రెండింటికి మళ్లీ తెరవడం కన్నా నయం. పంపు ఉన్న, పంపు లేని బైపాస్‌లను పోల్చి 2009లో వచ్చిన రూబీ ట్రయల్‌లో ఏడాది తర్వాత తెరిచి ఉన్న గ్రాఫ్ట్‌లు పంపు లేని వైపే తక్కువ తేలాయి. పంపు లేకుండా చేసేవాళ్లు ఈ మీటర్‌ను పక్కన పెట్టకూడదనడానికి అది చాలు.

స్టెర్నమ్ మూసిన ఐదు నిమిషాల్లో ఎస్టీ లేస్తే ఉబ్బిన ఊపిరితిత్తి లైమాను విల్లులా వంచుతోందేమో అనుమానించాలి. మళ్లీ తెరిచి, ఎడమ పెరికార్డియంలో నిలువుగా చీలిక ఇచ్చి లైమాను అందులో పడుకోబెట్టాలి. హెపారిన్‌కు విరుగుడైన ప్రోటమిన్ 10 నుంచి 15 నిమిషాలు తీసుకుని మెల్లగా ఇవ్వాలి. తొందరపడితే ప్రెషర్ కూలుతుంది, ఒక్కోసారి పల్మనరీ ప్రెషర్ ఎగసి కుడి జఠరిక చతికిలపడుతుంది. ఇంత కష్టపడి కాపాడిన కండరం చివరి సిరంజి దగ్గర దెబ్బతినడం బాధాకరం.

ఐసీయూకి చేరగానే 12 లీడ్ ఈసీజీ, ఆరు గంటలకు ఒకటి, మర్నాడు పొద్దున ఒకటి. మీన్ 70 నుంచి 80, పల్స్ 70 నుంచి 90, పొటాషియం 4.5. ఆపరేషన్ తర్వాత ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ప్రోటీన్) అందరికీ కొంత పెరుగుతుంది. సాధారణ హద్దుకు పది రెట్లు దాటి, దాంతోపాటు ఈసీజీలోనో ఎకోలోనో కొత్త మార్పు ఉంటేనే ఇన్‌ఫార్క్ట్ అంటాం. అయితే ఒకే ప్రాంతపు లీడ్‌లలో ఎస్టీ కొత్తగా లేచి, ప్రెషర్ తగ్గుతుంటే ట్రోపోనిన్ రిపోర్టు కోసం ఆగకూడదు. క్యాథ్ ల్యాబ్‌కో, తిరిగి థియేటర్‌కో పోవాల్సిందే. డ్రెయిన్‌లో నెత్తురు తగ్గితే ఆరు గంటల్లోపు ఆస్పిరిన్ మొదలెట్టాలి. పంపు లేని కేసుల్లో రక్తం గడ్డకట్టే గుణం అంతగా దెబ్బతినదు కాబట్టి గ్రాఫ్ట్ మూసుకునే భయం ఎక్కువ. చాలామంది క్లోపిడోగ్రెల్ కూడా కలుపుతారు.

ఇంటికి పంపేటప్పుడు చివరి ఈసీజీ జిరాక్స్ ఒకటి మనిషి చేతిలో పెట్టండి. రాత్రిపూట కావలిలోనో కందుకూరులోనో ఛాతీ బరువుగా ఉందని ఆయన ఆస్పత్రికి వెళ్తే, అక్కడి డ్యూటీ డాక్టర్‌కు పోల్చి చూడటానికి ఒక కాగితం ఉంటుంది.